ఒక్క ‘రన్‌’కు 645 అర్థాలు ఎలా వచ్చాయి?

క్లుప్తంగా: ఇంగ్లీషులో ఎక్కువ అర్థాలున్న మాట ఏదని అడిగితే ఇప్పుడు ముందుగా వినిపించే పేరు ‘రన్’. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు దాని క్రియారూపానికే 645 అర్థాలు చూపింది. ఇవన్నీ విడివిడిగా పుట్టినవి కావు. ప్రవాహం, కాళ్ల పరుగు అనే రెండు మూలార్థాల నుంచి వెయ్యేళ్లకు పైగా ఒకదాన్నుంచి ఒకటి చీలుతూ వచ్చాయి. ఇదే పనిని తెలుగు నడవడం, ఆడటం, పారడం, కారడం లాంటి వేర్వేరు క్రియలకు పంచి ఇచ్చింది. ఈ మాట దగ్గర తెలుగువారికి వచ్చే తికమకకు అదే ప్రధాన కారణం.

2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలినప్పుడు ‘బ్యాంక్ రన్’ గురించి తెలుగువారూ చదివారు. 2024 జులైలో జె.డి.వాన్స్‌ను ట్రంప్ తన ‘రన్నింగ్ మేట్‌’గా ప్రకటించారు. ఆయన భార్య ఉష కుటుంబ మూలాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉండటంతో ఆ వార్తకు ఇక్కడ మరింత ప్రచారం వచ్చింది. కొత్త రైలు మార్గం వేస్తే ‘ట్రయల్ రన్’, సినిమా విడుదలైతే ‘రన్‌టైమ్’, ఐపీఎల్ మొదలైతే ‘నెట్ రన్‌రేట్’. బడిలో చాలామంది నేర్చుకున్న అర్థం మాత్రం ఒక్కటే, పరుగెత్తడం. దాన్ని పట్టుకుని పై మాటల్లో దేన్ని విప్పబోయినా సగం దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది.

‘సెట్‌’ను దాటిన ‘రన్’

చాలాకాలం ఈ విషయంలో మొదటి స్థానం ‘సెట్‌’ది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తొలి కూర్పు 1884 నుంచి భాగాలుగా వెలువడి 1928లో పూర్తయింది. అందులో అన్నిటికంటే పొడవైన ఆరోపం (నిఘంటువులో ఒక మాట కింద ఇచ్చే మొత్తం వివరణ) ‘సెట్‌’దే. 20 సంపుటాల రెండో కూర్పు 1989లో వచ్చినప్పుడు కూడా ఆ స్థానం మారలేదు. అప్పటికి ‘సెట్’ క్రియకు 430 అర్థాలు లెక్కకు వచ్చాయి. వాటిని వివరించడానికి దాదాపు 60,000 మాటలు పట్టాయి. క్విజ్ పుస్తకాల్లో ఇప్పటికీ ‘సెట్’ అనే జవాబు కనిపించేది అందుకే.

మూడో కూర్పు కోసం మొత్తం నిఘంటువును సవరించే పని 2000 మార్చి నుంచి ఆన్‌లైన్‌లో వెలువడుతోంది. అది ‘ఎం’ అక్షరంతో మొదలైంది కాబట్టి ముందు ‘మేక్’ పొడవైన ఆరోపం అయింది. 2007లో ‘పుట్’ దాన్ని దాటింది. 2011లో ‘రన్’ ఈ రెంటినీ దాటింది. నిఘంటుకారుడు పీటర్ గిలివర్ ఈ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు పని చేశారు. దొరికిన వాడుకలన్నిటినీ తేదీలవారీగా పేర్చి, ఏ అర్థం ఏ అర్థం నుంచి చీలిందో తేల్చడానికి అంత సమయం పట్టింది.

అయితే 645 అనే సంఖ్యను ఆకాశంలో నక్షత్రాల లెక్కలా తీసుకోకూడదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం రూపొందించిన ‘వర్డ్‌నెట్’ అనే పదకోశం ఇదే క్రియను 40 పైచిలుకు అర్థాలతో సరిపెట్టింది. విద్యార్థుల కోసం రాసిన నిఘంటువులైతే ఇంకా తక్కువతో ఆగుతాయి. బస్సు నడవడం, పడవ నడవడం ఒకే అర్థమా, రెండు అర్థాలా? కలిపి చూసే నిఘంటుకారుడు ఒకటంటాడు, విడదీసి చూసేవాడు రెండంటాడు. ఆక్స్‌ఫర్డ్ పని చరిత్ర రాయడం కాబట్టి అది విడదీసే వైపే మొగ్గుతుంది. ఏ శతాబ్దంలో ఏ కొత్త వాడుక వచ్చిందో అందులో విడిగా కనిపించాలి.

ఇంకో తేడా కూడా ముందే చెప్పుకోవాలి. తెలుగు పరీక్షల్లో ‘నానార్థాలు’ అనే శీర్షిక కింద రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. తాగే పాలకూ వాటా అనే అర్థమున్న పాలుకూ సంబంధం లేదు, ధ్వని ఒక్కటే కలిసింది. కానీ శరీరం మీది తలకూ ‘తలా పది రూపాయలు’ అన్నప్పటి తలకూ సంబంధం ఉంది. ఒక అర్థం నుంచే రెండోది వచ్చింది. ‘రన్’ ఈ రెండో రకం. ఫ్రెంచి భాషావేత్త మిషెల్ బ్రెయాల్ 1897లో ఈ రకానికి ప్రత్యేకంగా ‘పాలిసెమీ’ అని పేరు పెట్టారు.

రెండు క్రియలు ఒకటైన కథ

పాత ఇంగ్లీషులో ఇందుకు ఒకటి కాదు, రెండు క్రియలు ఉండేవి. ఒకటి తనంతట తాను కదలడానికి, రెండోది ఇంకొకదాన్ని కదిలించడానికి, ముఖ్యంగా గుర్రాన్ని పరుగెత్తించడానికి. ఉత్తర యూరప్ నుంచి ఓడల్లో దండెత్తి వచ్చిన వైకింగుల రాకతో వారి భాషలోని దగ్గరి చుట్టం లాంటి క్రియ కూడా వచ్చి వీటితో కలిసింది. కాలక్రమంలో ఈ రూపాలన్నీ అరిగి ఒక్క ‘రన్‌’గా మిగిలాయి. జర్మన్‌లో ఆ జంట ఇప్పటికీ విడిగానే ఉంది. ‘రినెన్’ అంటే సన్నగా కారడం, ‘రెనెన్’ అంటే వేగంగా పరుగెత్తడం.

తెలుగువారికి ఈ విషయం తేలిగ్గా బోధపడుతుంది. మనకు నడుచు వేరు, నడుపు వేరు. పారు వేరు, పారించు వేరు. ఆడు వేరు, ఆడించు వేరు. పని చేసేదెవరో, చేయించేదెవరో క్రియ చివరే చెప్పేస్తుంది. ఇంగ్లీషులో ఆ గుర్తు చెరిగిపోయింది. బస్సు నడవడమూ ‘రన్’, ఆర్టీసీ బస్సులు నడపడమూ ‘రన్’. పైగా నామవాచకానికీ అదే రూపం. ఆ పరుగూ ‘రన్’, క్రికెట్ స్కోరూ ‘రన్’. మూడు నాలుగు రూపాలు మోయాల్సిన బరువు ఒక్క అక్షరగుచ్ఛం మీద పడింది. అర్థాల సంఖ్య పెరగడానికి ఇది పునాది.

రెండో పునాది ప్రవాహం. ఈ మాటలో నీటి కదలిక కాళ్ల పరుగంత పాతది. నది ‘రన్’ అవుతుంది, రక్తం ‘రన్’ అవుతుంది, జలుబు చేస్తే ముక్కు ‘రన్’ అవుతుంది, ఉతికితే చీర రంగు ‘రన్’ అవుతుంది. గడియారంలో ఇసుక జారినట్టు కాలమూ ‘రన్’ అవుతుంది. తెలుగులో వీటిలో ఏ ఒక్కటీ పరుగు కాదు. నది పారుతుంది, ముక్కు కారుతుంది, రంగు పోతుంది, కాలం గడుస్తుంది. బడిలో నేర్చుకున్న ‘పరుగెత్తు’ అనే అర్థం ఇక్కడ ఎందుకూ పనికిరాదు. నీళ్లను మనసులో పెట్టుకుంటే మాత్రం ఇవన్నీ ఒకే వరసలో నిలబడతాయి.

కదలని వాటికీ ఇదే మాట వాడటం కొంత వింతగా అనిపించవచ్చు. 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్ నుంచి హైదరాబాద్, కర్నూలు మీదుగా కన్యాకుమారికి ‘రన్’ అవుతుంది. రోడ్డు కదలదు, దాని వెంట చూసేవారి చూపు కదులుతుంది. ఇది ఇంగ్లీషు సొత్తేమీ కాదు. “ఈ దారి ఎక్కడికి పోతుంది?” అని అడిగే తెలుగువారు కూడా కదలని దారికి కదలిక ఇస్తున్నారు. క్రియ మారింది, ఊహ ఒక్కటే.

యంత్రాలు వచ్చాక

‘సెట్’ వెనకబడి ‘రన్’ ముందుకు రావడానికి కారణం వెతికితే చూపు పారిశ్రామిక విప్లవం మీదికి పోతుంది. ‘సెట్’ అంటే ఒకచోట పెట్టడం, కుదిర్చడం, నిలపడం. ‘రన్’ అంటే కదలడం, ఆగకుండా సాగడం. గత రెండు మూడు వందల ఏళ్లలో మనుషులు కొత్తగా తయారు చేసుకున్న వస్తువుల్లో ఎక్కువ భాగం కదిలేవే.

ఓడలు గాలివాటున ‘రన్’ కావడం ముందునుంచీ ఉన్నదే. ఊళ్ల మధ్య వేళ ప్రకారం గుర్రపు బళ్లు తిరగడం మొదలయ్యాక వాటికీ ఈ మాట అబ్బింది. 1830లో లివర్‌పూల్, మాంచెస్టర్ మధ్య రైళ్లు నడిచే నాటికి రైలుకు ఇది సిద్ధంగా ఉంది. మగ్గం, ఆవిరి యంత్రం, గడియారం, మోటారు వరసగా వచ్చి చేరాయి. యంత్రం ‘రన్’ అయితే దాన్ని చూసుకునే మనిషీ దాన్ని ‘రన్’ చేస్తాడు. అక్కడినుంచి యంత్రాలున్న మిల్లును ‘రన్’ చేయడం ఒక్క అడుగు. మిల్లు నుంచి దుకాణం, హోటల్, పత్రిక, చివరికి దేశం దాకా పోవడానికి ఆట్టే కాలం పట్టలేదు. వ్యాపారాన్ని ‘రన్’ చేయడమనే వాడుక 19వ శతాబ్దపు అమెరికాలో ఊపందుకుంది.

20వ శతాబ్దంలో కంప్యూటర్ వచ్చింది. ప్రోగ్రామ్‌కు చక్రాలు లేవు, పళ్లచక్రాలూ లేవు. అయినా అది ‘రన్’ అవుతుంది, ఎందుకంటే దాన్ని నడిపేది యంత్రం. ఒక్కో కొత్త అర్థం తన ముందున్న అర్థం భుజం మీద చెయ్యి వేసి వచ్చింది. మొదటి మూలార్థంతో దానికి నేరు సంబంధం ఉండాల్సిన పని లేదు. సాఫ్ట్‌వేర్ ‘రన్‌’ను నది ‘రన్‌’తో పక్కపక్కన పెడితే పోలిక కనిపించకపోవడానికి కారణం మధ్యలో ఉన్న మగ్గం, రైలు, మిల్లు కనిపించకపోవడమే.

కాళ్లు పోయినా మిగిలిన పరుగు

అర్థం మూలం నుంచి ఎలా విడిపోతుందో చూపడానికి క్రికెట్‌ను మించిన ఉదాహరణ లేదు. మొదట్లో ఇంగ్లండ్ పల్లెల్లో స్కోరును కర్ర మీద గాట్లు పెట్టి లెక్కించేవారు. అప్పటి వాడుకలో అవి ‘నాచెస్’, అంటే గాట్లే. ఆట నియమాలు 1744లో లిఖితరూపం పొందాయి. తర్వాతి కాలంలో గాటు పోయి ‘రన్’ నిలిచింది. బ్యాటర్లు వికెట్ల మధ్య నిజంగానే పరుగెత్తి సంపాదించేవారు కాబట్టి ఆ పేరు సరిపోయింది. హద్దు గీతలు వచ్చాక బంతి గీత దాటితే పరుగెత్తకుండానే నాలుగు, ఆరు వస్తున్నాయి. పేరు మాత్రం ‘రన్‌’గానే ఉంది. తెలుగు కూడా ఈ దారినే నడిచింది. సిక్సర్ కొట్టి నిలబడ్డచోటే ఉన్న బ్యాటర్‌కు కూడా మన వ్యాఖ్యాతలు ఆరు ‘పరుగులు’ ఇస్తున్నారు. ‘పరుగు’ అనే తెలుగు మాటకు అంతకుముందు లేని అర్థం ఇలా అబ్బింది.

బ్యాంకు సంగతీ ఇంతే. ఒక బ్యాంకు మునిగిపోతుందన్న అనుమానం రాగానే డిపాజిటర్లు అందరికంటే ముందు తమ డబ్బు తీసుకోవాలని పరుగెత్తుకుంటూ పోవడం ‘రన్’. 2007 సెప్టెంబరులో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు శాఖల ముందు పొడవైన వరసలు కనబడ్డాయి. 2019 సెప్టెంబరులో పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టి, మొదట వెయ్యి రూపాయలకు మించి తీసుకోవద్దన్నప్పుడు ముంబయిలో జనం శాఖల దగ్గరికి పోటెత్తారు. కానీ 2023 మార్చి 9న సిలికాన్ వ్యాలీ బ్యాంకు ఖాతాదారులు వెనక్కి తీసుకోజూసిన 4,200 కోట్ల డాలర్లలో ఎక్కువ భాగం ఫోన్లు, కంప్యూటర్ల మీదుగానే కదిలింది. మర్నాడే బ్యాంకును మూసేశారు. అంత పెద్ద ‘రన్‌’కు కాళ్లతో పని పడలేదు. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. డిపాజిట్ల కోసం ఎగబడటం అని వివరించి చెప్పాల్సి వస్తోంది. జరిగేదాన్ని చూపడంలో ఆ వివరణే మెరుగు, ఎందుకంటే ‘ఎగబడటం’లో భయమూ తొందరా రెండూ వినిపిస్తాయి.

ఎన్నికల్లో ఇంగ్లీషు లోపలే రెండు తీర్లున్నాయి. అమెరికాలో అభ్యర్థి పదవికి ‘రన్’ చేస్తారు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అవుతారు. తెలుగు పల్లెల్లో “ఈసారి సర్పంచి ఎన్నికల్లో ఎవరు నిలబడుతున్నారు?” అని అడుగుతారు, అంటే మన వాడుక బ్రిటన్ పక్షాన ఉంది. ‘రన్నింగ్ మేట్’ గుర్రప్పందేల నుంచి వచ్చింది. ఒకే యజమాని గుర్రాల్లో ఒకదానికి తోడుగా, దాని వేగాన్ని నిలబెట్టడానికి పరుగెత్తే రెండో గుర్రం అది. తెలుగులో ‘ఉపాధ్యక్ష అభ్యర్థి’ అంటే పదవి తెలుస్తుంది, జంటగా పోటీ చేస్తున్నారన్న సంగతి జారిపోతుంది.

పక్కన చేరే చిన్న మాటలు

విద్యార్థులకు అసలు టెన్షన్ పుట్టించేది ‘రన్’ ఒక్కటే వచ్చినప్పుడు కాదు, దాని పక్కన ‘ఔట్’, ‘ఓవర్’, ‘డౌన్’, ‘అప్’, ‘ఇంటూ’ చేరినప్పుడు. ‘ఔట్‌’నే తీసుకుందాం. కుండలోంచి నీళ్లు బయటికి కారిపోతే కుండ ఖాళీ. అందుకే ‘రన్ ఔట్’ అంటే అయిపోవడం. నీళ్లకు వాడింది పెట్రోలుకు, డబ్బుకు, ఓపికకు, గడువుకు పాకింది. తర్వాత ఇంగ్లీషు ఇంకో అడుగు వేసింది. పెట్రోలు కాదు, మనిషే పెట్రోలు ‘రన్ ఔట్’ అయ్యాడంటుంది. తెలుగులో “పెట్రోలు అయిపోయింది” అనడమే సహజం. ఈ వాక్యాన్ని మక్కీకి మక్కీ తెచ్చుకుంటే మనిషి పెట్రోలు నుంచి బయటికి పరుగెత్తినట్టు తయారవుతుంది. క్రికెట్ రనౌట్ మాత్రం దీనికి పూర్తిగా వేరు. అక్కడ పరుగూ నిజమే, ఔటూ నిజమే.

‘ఓవర్‌’తో చిక్కు ఇంకా ఎక్కువ. గిన్నె పొంగి పొర్లడం, బండి ఎవరినైనా తొక్కేయడం, సమావేశం అనుకున్న వేళ దాటిపోవడం, పాఠాన్ని ఒకసారి పైపైన చూసుకోవడం, నాలుగూ ‘రన్ ఓవరే’. ‘డౌన్‌’తో బ్యాటరీ నీరసిస్తుంది, పాత భవనం శిథిలమవుతుంది, పరోక్షంలో ఒకరిని కించపరచడమూ అవుతుంది. వీటిని జాబితాగా కంఠస్థం చేస్తే వారంలో మరిచిపోవడం ఖాయం. ‘ఓవర్’ అంటే అంచు దాటడమో, పైనుంచి పోవడమో అని పట్టుకుంటే నాలుగు అర్థాలూ ఆ రెండు బొమ్మల్లో ఇమిడిపోతాయి.

తెలుగు ఎక్కడ నడుస్తుంది, ఎక్కడ ఆడుతుంది

ఇంగ్లీషు పరుగెత్తే చోట తెలుగు ఎక్కువగా నడుస్తుంది. బస్సు నడుస్తుంది, బడి నడుస్తుంది, కోర్టులో కేసు నడుస్తుంది, ప్రభుత్వాన్ని నడుపుతారు. తిరిగే యంత్రమైతే ఆడుతుంది. మర ఆడుతుంది, గానుగ ఆడిస్తారు. సినిమా కూడా ఆడుతుంది, ఒకప్పుడు వంద రోజులు ఆడేది. ఈ పంపకంలో ఒక క్రమం ఉంది. సాగే వ్యవస్థ నడకకు, తిరిగే యంత్రం ఆటకు, ద్రవం పారడానికీ కారడానికీ వెళ్లాయి. ఇంగ్లీషు ఈ మూడు గదుల మధ్య గోడలు తీసేసి ఒకే హాలు చేసుకుంది.

అంతమాత్రాన తెలుగులో ‘రన్’ లాంటి మాటలు లేవనుకోవడం పొరపాటు. ‘కొట్టు’ను చూస్తే చాలు. డప్పు కొడతారు, కొబ్బరికాయ కొడతారు, ఈల కొడతారు, కన్ను కొడతారు, గోడకు సున్నం కొడతారు, ఫోన్ కొడతారు. పాడైన కూర వాసన కొడుతుంది, సాగదీసిన ఉపన్యాసం బోరు కొడుతుంది, జేబులోని పర్సు ఎవరో కొట్టేస్తారు. “చేనుకు మందు కొట్టాడు”, “రాత్రి మందు కొట్టాడు” అన్నవి వినగానే తెలుగువారికి ఏ సందేహమూ రాదు. చేను, రాత్రి అనే పక్కమాటలు పని ముగించాయి. తెలుగు నేర్చుకునే పరభాషవారికి మాత్రం ఇది మనకు ‘రన్’ ఉన్నంత కష్టం.

చిన్న మాటలకే ఎందుకు?

ఇంగ్లీషులో అర్థాలు పోగుపడ్డ మాటలు సెట్, గెట్, పుట్, టేక్, గో, రన్. తెలుగులో కొట్టు, పట్టు, పడు, తీయు, పోవు. రెండు వైపులా చిన్నవే. అమెరికన్ పరిశోధకుడు జార్జ్ కింగ్‌స్లీ జిఫ్ దీనికి లెక్క కట్టారు. ఎక్కువగా వాడే మాటలు పొట్టిగా ఉంటాయని ముందే చూపిన ఆయన, 1945లో వాడుకకూ అర్థాలకూ ఉన్న లంకెను వివరించారు. స్థూలంగా, మాట వాడుకకు వర్గమూలం చొప్పున అర్థాలు పెరుగుతాయి. ఒక మాట ఇంకోదానికంటే వంద రెట్లు ఎక్కువగా వినబడితే దాని అర్థాలు పది రెట్ల దాకా ఉండొచ్చు. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. కొత్త వస్తువో, కొత్త పనో ఎదురైనప్పుడు మనిషి కొత్త మాట పుట్టించడం కంటే నోట ఆడుతున్న పాత మాటనే కొంచెం సాగదీస్తాడు. ఎక్కువగా ఆడే మాటకు అలా సాగే అవకాశాలు ఎక్కువ.

పెద్ద మాటలు ఇందుకు భిన్నం. ఇటాలియన్, లాటిన్ దారిన ఇంగ్లీషులోకి వచ్చిన ‘మేనేజ్’, ‘ఆపరేట్’ ఇరుకైన అర్థాలతో ఉండిపోయాయి. తెలుగులో సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘నిర్వహించు’ కూడా అంతే. సభ నిర్వహిస్తారు, సభ నడుపుతారు కూడా. కానీ సైకిల్‌ను నడుపుతారే తప్ప ఎవరూ నిర్వహించరు.

యంత్రానికీ ఇదే చిక్కు

యంత్రానువాదం ఊహగా ఉన్న రోజుల్లోనే అమెరికన్ గణితవేత్త వారెన్ వీవర్ ఈ చిక్కును గుర్తించారు. 1949లో రాసిన పత్రంలో ఆయన ‘ఫాస్ట్’ అనే మాటను ఉదాహరణగా తీసుకున్నారు. అది వేగమూ కావచ్చు, కదలకుండా బిగుసుకుని ఉండటమూ కావచ్చు. పుటపై కప్పిన అట్టకు ఒక్క మాట పట్టేంత కంత మాత్రమే ఉంటే ఆ మాటకు ఏ అర్థమో చెప్పలేం, కంతను పెంచి అటూఇటూ కొన్ని మాటలు కనిపించేలా చేస్తే చెప్పగలం అన్నది ఆయన వాదన. బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్.ఫర్త్ 1957లో, మాటను దాని సహవాసాన్ని బట్టి తెలుసుకోవాలన్నారు. నేటి అనువాద యంత్రాలు పనిచేసే తీరుకు ఈ ఆలోచనే మూలం. అవి చుట్టూ ఉన్న మాటలను చూసి అర్థాన్ని అంచనా వేస్తాయి. అందుకే పూర్తి వాక్యం ఇస్తే అవి చాలావరకు సరిగ్గా చెబుతాయి. యాప్‌లో బటన్ మీద ఒంటరిగా ‘రన్’ అని ఉంటే ‘పరుగు’ అని తెలుగు చేసే ప్రమాదం ఇప్పటికీ ఉంది.

ఇంగ్లీషు నేర్చుకునే తెలుగు పిల్లలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ‘రన్ = పరుగెత్తు’ అని నోట్‌బుక్‌లో రాసుకునే బదులు ముక్కు, నది, దుకాణం, ఎన్నిక అనే తోడు మాటలతో కలిపి చిన్న వాక్యాలు రాసుకుంటే పని జరుగుతుంది. ఒక్కో వాక్యానికి పక్కన సహజమైన తెలుగు క్రియను రాయడం మరీ మంచిది. ఏ గదిలోది ఏ అర్థమో అప్పుడు తేటగా కనిపిస్తుంది.

తెలుగులోకి వచ్చిన ‘రన్’

ఇంత పెద్ద మాట తెలుగులోకి మొత్తంగా రాలేదు. “హోటల్ రన్ చేస్తున్నాడు” అంటాం, “కోడ్ రన్ చేస్తే ఎర్రర్ వచ్చింది” అంటాం, అమ్మకానికి పెట్టిన పాత బండిని ‘రన్నింగ్ కండిషన్‌లో ఉంది’ అంటాం. కానీ “కాలువలో నీళ్లు రన్ అవుతున్నాయి” అని ఏ రైతూ అనడు. ముక్కు రన్ అవుతోందని ఏ తల్లీ అనదు. పారడం, కారడం ఉన్నచోట ఇంగ్లీషు మాటకు చోటు దొరకలేదు. యంత్రాలతో, వ్యాపారంతో, ఆఫీసు పనితో వచ్చిన అర్థాలకే దొరికింది. వ్యాపారం విషయంలో మాత్రం ‘నడపడం’ ఉండగానే ‘రన్ చేయడం’ వచ్చి దాని పక్కన కూర్చుంది. పట్నం మాటల్లో దాన్ని కొంత పక్కకు నెడుతోంది కూడా.

ఒక్కోసారి ఇంగ్లీషు సంస్థల పరిభాష నేరుగా స్థిరపడిపోతుంది. రైల్వేలో లోకో పైలట్లను ‘రన్నింగ్ స్టాఫ్’ అంటారు. కదిలే రైళ్ల మీద డ్యూటీ చేసినందుకు వారికి వచ్చే భత్యం ‘రన్నింగ్ అలవెన్స్’. విజయవాడ, కాజీపేట లాంటి పెద్ద జంక్షన్లలో, బండి దిగిన సిబ్బంది తిరుగు డ్యూటీ వేళ దాకా తిని, స్నానం చేసి, నిద్రపోయే భవనాన్ని ‘రన్నింగ్ రూమ్’ అంటారు. రైల్వే కాలనీల్లో పెరిగిన పిల్లలకు ఆ పేరుకు అర్థం ఎవరూ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాదు.